ఇనుప కడియం మీద బంగారు తీగ

1984 ఎండాకాలం. ఇల్లందు బజారులో మా కొట్టు. కొట్టంటే పెద్దదేం కాదు, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు మెట్టు మీద నిలబడాలి. ఒక అద్దాల పెట్టె, కుంపటి, ఊదుగొట్టం, దాగలి, గోడకు మా నాన్న ఫొటో. బొగ్గుగనుల ఊరు కాబట్టి పొద్దున తుడిచిన అద్దం మీద మధ్యాహ్నానికి నల్లటి దుమ్ము కూర్చునేది. ఆ దుమ్మును తిడుతూనే అందులో బంగారం పని చేసేవాళ్ళం.

ఔసలి పని గురించి బయటివాళ్ళకు ఒక భ్రమ ఉంటుంది, మేం రోజూ హారాలూ వడ్డాణాలూ చేస్తామని. నిజానికి మా రోజు తెగిన గొలుసుతో మొదలై వదులైన మట్టెతో ముగుస్తుంది. నాకు ఆ అతుకుల పనంటే మహా చిరాకు. కొంచెం తిక్క మనిషిని. ఎవరైనా ఇది అయ్యే పని కాదు అన్నారంటే, అది అయ్యేదాకా నాకు అన్నం సహించదు. మా ఇంటావిడ అంటుంది, నాచేత పని చేయించాలంటే పని ఉందని చెప్పకూడదట, కుదరదని చెప్పాలట. ఆ ఏడు వచ్చిన పని అలాంటిదే. నా చేతుల మీదుగా చాలా బంగారం పోయింది గానీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరించేది ఆ ఒక్క పనికే.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా వృత్తిలో ఇనుముకీ బంగారానికీ పడదు. పనిముట్లన్నీ ఇనుమువే అయినా వస్తువులోకి మాత్రం దాన్ని రానివ్వం. ఆకురాయి పట్టినప్పుడు రాలిన బంగారు పొడిని కరిగించే ముందు అందులో అయస్కాంతం తిప్పుతాం, ఇనుప రజను ఏమైనా ఉంటే అంటుకుని వచ్చేస్తుందని. నలుసంత మిగిలిపోయినా ఆ బంగారం సుత్తి కింద మొండికేస్తుంది. మా నాన్న అయితే మేకు కనబడినా కొట్టు బయటికి విసిరేవాడు.

అలాంటి కొట్టుకు ఒక వారపు అంగడి రోజున ముగ్గురు వచ్చారు. ముందు రాజలింగం. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పని చేసేవాడు. స్నానం చేసి వచ్చినా కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలే ఉంది. వెనక వాళ్ళమ్మ ఈరమ్మ. ఆమె వెనక, మెట్టు దగ్గరే ఆగిపోయిన పిల్ల ముత్తక్క. గుండాల వైపు అడవి అంచున ఒక చిన్న గూడెం ఆమెది. ఇప్పపువ్వు, అడ్డాకులు, తేనె తెచ్చి మా అంగట్లో అమ్మేది. రాజలింగం తేనె కొనీ కొనీ పిల్లను ఇష్టపడ్డాడని బజారంతా చెప్పుకునేది. ఆ ఇంట్లో అంత తేనె ఎవరు తాగారో నాకు తెలియదు గానీ, వైశాఖంలో పెళ్ళి ఖాయమైంది.

ఈరమ్మ చెంగుముడి విప్పి తన గుండ్లపేరు, అంటే బంగారు గుండ్ల దండ, నా ముందు పెట్టింది.

“చారీ, ఇవి కరిగిచ్చి కోడలికి కడియం చెయ్యి. దానికంటె ముందుగాల ఆ పిల్ల చేతికున్నది కోసెయ్యి,” అంది.

ముత్తక్క కుడిచెయ్యి తెచ్చి అద్దాల పెట్టె మీద పెట్టింది. మణికట్టుకు ఇనుప కడియం. బొటనవేలి గోరంత వెడల్పు పట్టీ, అతుకు కనబడకుండా కొలిమిలో కలిపిన గుండ్రం. నేను చూసిన ఇనుములన్నీ తుప్పుపట్టినవో మసిబారినవో. ఇది మాత్రం పండిన నేరేడు రంగులో నిగనిగలాడుతోంది.

“కొయ్యడం ఎందుకు, సబ్బు రాస్తే జారుతుంది కదా,” అన్నాను.

“జారదన్నా. చిన్నప్పుడు తొడిగిన్రు. అప్పుడు మోచేతి దాంక పోతుండె. చెయ్యి పెరిగింది, ఇది పెరగలే,” అంది ముత్తక్క.

తర్వాత ఏ గొంతూ పెంచకుండా ఇంకో మాట అంది. “కోస్తే కొయ్యి. కాని ఇది తెగినంక నేను సీదా బస్సెక్కి మా ఊరికి పోత. ఇగ పెండ్లి లేదు.”

రాజలింగం ముఖం చూడాలి అప్పుడు. రెండు ఎద్దులు చెరో వైపు లాగుతున్న బండిలా ఉన్నాడు పాపం.

కథ అప్పుడు బయటికి వచ్చింది. ముత్తక్క తల్లి అడవిలో తినే గడ్డలు తవ్వడంలో పేరున్న మనిషి. ఈ పిల్ల చిన్నగా ఉండగానే జ్వరంతో పోయింది. తల్లి వాడిన గునపం ఇంట్లో మిగిలింది. అమ్మమ్మ దాని మొన కోయించి, గూడెంలో కమ్మరి చేత కడియం చేయించి మనవరాలి చేతికి తొడిగింది. అంతే. అందులో మంత్రం లేదు, మొక్కు లేదు. అమ్మ చెయ్యి పట్టి పట్టి అరిగిన ఇనుము అది.

ఈరమ్మ కూడా చెడ్డ మనిషి కాదు. “నేనేమన్న గడుసుగ అంటున్ననా చారీ? నల్ల ఇనుముతోని పీటల మీద కూసుంటదా? ఇనుమంటె శని. నలుగురు చూస్తరు. చేతికి బంగారం ఉండాలె, నా బంగారం ఉండాలె,” అంది. ఆఖరి మాటను ఆమె ఎందుకో ఒత్తి పలికింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

“చారన్నా, కోయకుంట, తియ్యకుంట ఏమన్న ఉపాయం చెప్పు. ఇనుము ముత్తక్కకు కనవడాలె. బంగారం మా అమ్మకు కనవడాలె,” అన్నాడు రాజలింగం.

కుదరదని చెప్పాను. ఎందుకు కుదరదో విడమరిచి మరీ చెప్పాను. బంగారాన్ని బంగారంతో అతకాలంటే టంకం వేస్తాం, అంటే తక్కువ వేడికే కరిగే ఇంకో లోహం. వెలిగారం చల్లి ఊదుగొట్టంతో మంట ఊదితే టంకం పారి రెండింటినీ పట్టుకుంటుంది. ఇనుముకు మంట తగిలితే పైన పెచ్చు కడుతుంది, టంకం దాని మీద తామరాకు మీది నీటిలా దొర్లిపోతుంది. అదెలాగో లొంగదీసుకున్నా, ఈ ఇనుము మనిషి చేతికి ఉంది. చేతి మీద మంట ఊదుతామా? పోనీ గిల్టు వేద్దామంటే నాలుగు నెలల్లో అరిగిపోతుంది. తీగ చుడితే జారుతుంది.

ఈరమ్మ గుండ్లపేరు మళ్ళీ చెంగులో కట్టుకుంటూ, “సరే తీయి, ఖమ్మంల పెద్ద దుకాణాలున్నయి, ఆడ అడుగుత,” అంది.

ఆమె ఆ మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు.

“ఖమ్మం వాడు చేసేది నేను చెయ్యలేనా? ఆ గుండ్లు ఇక్కడ పెట్టక్కా,” అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక కుంపటి ముందు కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టాను. ఎలా చేస్తానో నాకు ఇసుమంతైనా తెలియదు.

పాత ఇనుప చువ్వ ఒకటి సంపాదించి మొదలుపెట్టాను. చీరణంతో, అంటే సన్నటి ఉలితో, దాని మీద నిలువుగా గాడి తవ్వి, బంగారం పాడు చెయ్యడం ఎందుకని రాగి తీగ పెట్టి కొట్టాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. చువ్వను తిరగేసి గడప మీద ఒక్కటి కొట్టానో లేదో తీగ ఊడి మురిక్కాలవలో పడింది. గాడి లోతు చేశాను. మళ్ళీ ఊడింది. గాడి గరుకు చేశాను. ఈసారి రెండో దెబ్బకు ఊడింది. అదొక అభివృద్ధి అని మా ఇంటావిడతో చెబితే ఆమె కంచం తీసి లోపల పెట్టేసింది.

నాకో అలవాటు ఉంది, ఏదైనా తోచకపోతే నాలుకతో దవడ పన్ను తడుముకుంటూ ఉంటాను. అంతకు ముందు ఏడాది ఖమ్మంలో ఒక కుర్ర పళ్ళ డాక్టరు దానికి వెండి లాంటి మసాలా కూరాడు. ఆ రోజూ అలా తడుముతూ కూర్చుని, ఉన్నట్టుండి దిగ్గున లేచాను. ఈ పంటితో నేను చెరుకు కొరికాను, మటన్ బొక్కలు కొరికాను. ఇందులో ఉన్నది ఎందుకు ఊడలేదు? అప్పుడే ఆ డాక్టరును అడిగాను కూడా, వృత్తి బుద్ధి కదా. టంకం వెయ్యలేదు, జిగురు పెట్టలేదు, ఎలా నిలబడుతుంది డాక్టరుగారూ అని. ఆయన నవ్వి, “లోపల వెడల్పు చేశాను, పైన నోరు ఇరుకుగా ఉంచాను. మెత్తగా ఉన్నప్పుడు కూరితే లోపల పరుచుకుంటుంది. ఇక ఆ నోట్లోంచి బయటికి రాలేదు. దీన్ని అండర్‌కట్ అంటాం,” అన్నాడు. అప్పుడు నోరు తెరిచి ఉండటం వల్ల ఆ మాట బుర్రలోకి పోలేదు. ఇప్పుడు పోయింది.

గాడి కుండలా ఉండాలి. నోరు సన్నం, కడుపు వెడల్పు. బంగారం మెత్తగా ఉండాలి. అంతే కిటుకు. నాకు ఆ పూట కాళ్ళు నేల మీద నిలవలేదంటే నమ్మండి. ఎవరికైనా చెబుదామంటే బజారులో ఎండకు కుక్క కూడా లేదు.

అయితే కుండలాంటి గాడి తవ్వాలంటే కొన పక్కకు వంగిన చీరణాలు కావాలి, అవీ ఇనుమును కోసేంత పదును ఉన్నవి. నా దగ్గరున్నవి బంగారాన్ని గీరే సుకుమారాలు. కారేపల్లిలో మా బావ కమ్మరి పని చేస్తాడు. కులం లెక్కన మేం అందరం ఒక తల్లి బిడ్డలమే, అయినా బంగారం పట్టినవాళ్ళం ఇనుము పట్టినవాళ్ళను పండగలకు తప్ప తలుచుకోం. నన్ను చూడగానే మా బావ కొలిమి తిత్తి ఆపి, “ఏంది బామ్మర్దీ, బంగారం కరువైందా, ఇనుము యాదికొచ్చింది,” అన్నాడు. సంగతి విన్నాక మాత్రం ఎగతాళి మానేశాడు. లారీ కమాన్ పట్టీ ముక్కతో చిన్న చిన్న చీరణాలు చేసి, పదును పట్టించి ఇచ్చాడు. “గునపం మొన అంటున్నవు. మొనకు ఉక్కు ఉంటది. ఒక్కకాడ జారతది, జెర చూసుకో,” అన్నాడు.

ఇక బంగారం. గుండ్లలో ఉండే బంగారంలో రాగి కలిసి ఉంటుంది, గట్టిది. నాకు కావలసింది మేలిమి. ఈరమ్మ ఎదురుగా కూర్చుని చూస్తుండగానే యాసిడ్‌లో వేసి రాగిని విడదీశాను. ఆమె రెప్ప వెయ్యలేదు. ఆ మేలిమిని కమ్మచ్చులోంచి, అంటే సన్నటి రంధ్రాలున్న ఉక్కు పలక లోంచి, లాగి లాగి తీగ తీశాను. దాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చాను. ఎనీలింగ్ అంటారు దాన్ని, లాగుడుకు బిగుసుకున్న లోహం మళ్ళీ మెత్తబడుతుంది. అప్పుడది గోటికి కూడా లొంగేంత మెత్తగా ఉంది.

ఈసారి చువ్వ మీద కుండ గాడి తవ్వి, ఆ బంగారమే ముక్క తుంచి పెట్టి కొట్టి, గడప మీద బాదాను. ఊడలేదు. కిరాణా కొట్టాయన వచ్చి బాదాడు. ఊడలేదు. టీ కొట్టాయన తన గరిటె కాడతో పొడిచి చూశాడు. ఊడలేదు. నేను వీధిలోనే ఒక కేక పెట్టాను.

మరి చేతికి ఉన్న కడియం మీద కొట్టడం ఎలా? కడియానికీ మణికట్టుకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. చిటికెన వేలంత ఉక్కు కడ్డీని ఆ సందులోంచి పోనిచ్చి, దాని రెండు చివరలూ రెండు చెక్క దిమ్మెల మీద ఆనించాను. దెబ్బ కడ్డీ మీద పడి దిమ్మెల్లోకి పోతుంది, చేతికి తగలదు. కడ్డీ కింద చెయ్యికి తోలు ముక్క చుట్టాను. మొదటి దెబ్బకు సుత్తి ఎత్తి ఆగాను. ముత్తక్క కళ్ళు మూసుకోలేదు, నావైపు చూస్తూ, “కొట్టన్నా. ఇది నాకంటె గట్టిది,” అంది.

ఏం చెక్కాలో అంతకు ముందే అడిగాను. నెమలి, హంస, పూలు, నాకు వచ్చినవన్నీ ఏకరువు పెట్టాను.

“తీగ గీయి,” అంది. “అమ్మ గడ్డ యాడున్నదో తీగ పట్టుకొని చూసేది. చెట్టు మీదికెల్లి దిగుకుంట దిగుకుంట వచ్చి, ఎండిన తీగ ఏడ నేలల గుచ్చుకున్నదో ఆడ తవ్వేది. నేను తీగ తెంపితె కొట్టేది.”

“ఆకు ఎలా ఉంటుంది?”

తడి వేలితో అద్దం మీది బొగ్గు దుమ్ములో గీసి చూపించింది. తమలపాకులా ఉంది, కొన కొంచెం పొడుగు.

అలా మొదలైంది. గూడెం నుంచి బస్సులో వచ్చేది, ఎండ ముదిరేదాకా కూర్చునేది, మళ్ళీ బస్సుకు పోయేది. ఒక వస్తువు మనిషితో సహా పనిబల్ల మీదికి రావడం నాకదే మొదలు, అదే చివర. మామూలుగా నగ మాట్లాడదు. ఇది ‘దాహమైతంది’ అనేది, ‘ఆకు వంకర పోయింది’ అనేది. పక్క కొట్లవాళ్ళు, అంగడికి వచ్చినవాళ్ళు మెట్టు చుట్టూ మూగేవాళ్ళు. షిఫ్టు దిగిన బాయి పనోళ్ళు ఊడుతుందా నిలుస్తుందా అని పందేలు వేసుకున్నారని కూడా విన్నాను. నాకు ఆ గుంపును చూస్తే హుషారు పుట్టేది. సుత్తి దెబ్బకు లయ కూడా వచ్చేసింది.

మా బావ చెప్పిన గట్టి చోటు అరచేతి వైపు తగిలింది. చీరణం సర్రున జారింది. తోలు ముక్క ఉండబట్టి ఆమెకు ఏమీ కాలేదు, నా ఎడమ బొటనవేలు మాత్రం తెగింది. ముత్తక్క తన చెంగు చింపి కట్టింది. అప్పుడు కూడా కడియం కడ్డీ మీదే ఉంది, ఒక్క చేత్తోనే కట్టింది. గట్టి చోటును తప్పించి తీగను పక్కకు తిప్పాను. తర్వాత చూస్తే, రాయి అడ్డమొచ్చినప్పుడు నిజమైన తీగ కూడా అలాగే తిరుగుతుంది కదా అనిపించింది. నేను కావాలనే అలా చేశానని అందరికీ చెప్పాను.

తీగ చుట్టూ తిరిగి వచ్చిన రోజు నా సంబరం చెప్పనలవి కాదు. నల్లటి నేల మీద బంగారు తీగ, దానికి అటూ ఇటూ ఆకులు. వేలితో తడిమితే ఎక్కడ ఇనుము అయిపోయి ఎక్కడ బంగారం మొదలైందో తెలియదు. అలవాటు ప్రకారం కుంకుడుకాయ నురుగుతో బ్రష్షు పెట్టి రుద్ది కడిగాను. ఔసలివాడు చేసిన ప్రతి వస్తువుకూ చివరి స్నానం అదే. తళతళలాడించి పంపాను.

మర్నాడు ఈరమ్మనూ రాజలింగాన్నీ చూడమని పిలిచాను. ముత్తక్కతో పాటు ఆమె అవ్వ, కడియం తొడిగిన ఆ అమ్మమ్మ, కూడా వచ్చింది, పెళ్ళి మాటలకని. ఈరమ్మ చెయ్యి పట్టుకుని చూసి, వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసింది. నేను వంగి చూశాను. బంగారం చుట్టూ, ప్రతి ఆకు అంచునా, ఎర్రగా తుప్పు.

“చూసినవా చారీ, నెత్తురు కారినట్టున్నది,” అంది ఈరమ్మ. “ఇది మంచి శకునం గాదు. నేను ముందే జెప్పిన కోసెయ్యమని.”

ఆ కొద్దిసేపూ ఆ పెళ్ళి చేజారిపోయిందనే అనుకున్నాను.

ముత్తక్క మాత్రం నన్ను చూసి నవ్వింది. “అన్నా, నిన్న దేనితోని కడిగినవు?”

“కుంకుడుకాయతో.”

“మరి నూనె అంత పోయింది గద. నేను దినాం పండేటప్పుడు దీనికి ఇప్పనూనె రాస్త. నిన్న ఎట్లుంటదో చూద్దమని రాయలే.”

ఆ నేరేడు నిగారింపు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. బంగారానికి మంచిదని నేను చేసిన స్నానం ఇనుముకు విషమైంది. అవ్వ సంచిలోంచి ఇప్పనూనె సీసా తీసింది. పొయ్యి బూడిద కలిపి, కొబ్బరి పీచుతో రుద్దితే తుప్పు లేచిపోయింది. ఆపైన ఉత్త నూనె పట్టిస్తే ఇనుము మళ్ళీ నల్లగా మెరిసింది, ఆ నలుపులో బంగారం ముందుకంటే పచ్చగా కనబడింది. ఈరమ్మ దగ్గరికి వచ్చి మళ్ళీ చూసింది.

ఇప్పుడు అవ్వ వంతు. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు, ఉన్నదాన్ని సూటిగా వాడేది. కడియాన్ని నాలుకతో రుచి చూసింది. ఇనుము రుచి అలాగే ఉందన్నట్టు తల ఊపింది. తర్వాత నాతో అంది.

“అయ్యా, ఇది పని జేసే చెయ్యి. గడ్డ తవ్వుతది, కట్టె కొడ్తది, దంచుతది. నీ ఆకులు రాలితె ఆ గుంతలల్ల నీళ్ళు నిలుస్తయి, నా బిడ్డ ఇనుము తింటయి. దంచి సూపియ్యి.”

“ఏమి దంచమంటవు అవ్వా?”

“గట్టిది.”

కిరాణా కొట్టు ముందు రోలూ రోకలీ ఉన్నాయి. కొట్టాయన ఉత్సాహంగా దోసెడు పసుపు కొమ్ములు తెచ్చి పోశాడు. ఎండిన పసుపు కొమ్ము ఎంత మొండిదో ఆడవాళ్ళను అడగండి. ముత్తక్క చెంగు దోపుకుని రోకలి ఎత్తింది. పోటు పడిన ప్రతిసారీ కడియం ఎగిరి రోకలికి టక్కున కొట్టుకునేది. ఆ టక్కుటక్కులు నా దవడలో వినబడుతున్నాయి. నేను నేలంతా వెతుకుతున్నాను, ఎక్కడైనా పచ్చగా మెరుస్తుందేమోనని. పసుపు చుట్టూ చింది అంతా పచ్చగానే ఉంది. బజారు బజారంతా నిలబడి చూస్తోంది. ముత్తక్క ఆపలేదు. కొమ్ములు నలిగి ముక్కలై, ముక్కలు పొడి అయ్యేదాకా దంచింది.

నేను ఆమె చెయ్యి దగ్గరికి లాక్కుని తుడిచి, భూతద్దం పెట్టుకుని చూశాను. తీగ వెంట ఒక్కో ఆకూ తడుముతూ మొదటికి వచ్చాను. ఒక్కటీ రాలలేదు. ఒక్కటీ కదలలేదు.

“మంచిది,” అంది అవ్వ. ఆమె అన్నది అంతే.

అప్పుడు రోట్లో ఉన్నది చూసి ఎవరో ఆడమనిషి అంది, “పసుపు దంచుడు అయిపాయె. ఇగ పెండ్లి పని మొదలైనట్టే గదా.”

నిజమే. మా వైపు పెళ్ళి పనులు మొదలయ్యేదే పసుపు దంచడంతో. మంచిరోజు చూసి, ముత్తైదువలను పిలిచి చెయ్యాల్సిన పని, వీధిలో, బాయి పనోళ్ళ పందేల మధ్య అయిపోయింది. అందరూ ఈరమ్మ వైపు చూశారు. ఆమె రోటి దగ్గరికి వెళ్ళి, కొంగు పరిచి, ఆ పసుపంతా ఒక్క రవ్వ వదలకుండా ఎత్తుకుంది. రాజలింగం ఊపిరి వదలడం నాకు వినబడింది.

అయినా ఆమె ముఖం తేటపడలేదు. కొట్టులోకి వచ్చి కూర్చుని, నాకు మాత్రమే వినబడేలా అంది. “అంత మంచిగనే ఉన్నది చారీ. కాని అత్త చేత్తోని కోడలికి బంగారం తొడగాలె. ఇది ఎప్పుడో తొడిగి ఉన్నది. నేను తొడిగేది ఏమున్నది?”

ఆ మాటకు నాకు మళ్ళీ అన్నం సహించని జబ్బు లేచింది. ముత్తక్కను కూర్చోమన్నాను. తీగ మొదలూ చివరా కలిసే చోట ఒక ఆకుకు చోటుంది. చీరణం తీసుకుని అక్కడ ఇంకో గాడి తవ్వాను. మిగిలిన బంగారు ముక్కను ఆకులా కత్తిరించి, మెత్తబరిచి, గాడి మీద ఉంచి, సుత్తి ఈరమ్మ చేతికిచ్చాను.

“తొడుగు అక్కా.”

“నాతోని ఏడయితది? నా చెయ్యి వణుకుతది.”

“వణకనియ్యి.”

కడ్డీ జారకుండా అవ్వ ఒక దిమ్మె పట్టుకుంది. ఈరమ్మ మొదటి దెబ్బ మెల్లగా వేసింది. ఆకు కొంచెం లొంగింది. రెండోది సరిగ్గా పడింది, బంగారం గాడిలోకి దిగింది. ధైర్యం వచ్చి మూడోది బలంగా వేసింది. అది వంకరపోయి ఆకు పక్కన ఇనుము మీద పడి, చంద్రవంకలా చిన్న సొట్ట చేసింది. వెంటనే ఆకురాయి తీశాను సాపు చేద్దామని. ముత్తక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఉండనియ్యన్నా. అది అత్తమ్మది.”

ఈరమ్మ సుత్తి కింద పెట్టి ఏడ్చింది. నేను కంగారుపడ్డాను. రాజలింగం ఇంకా కంగారుపడ్డాడు.

“నా పెండ్లికి ఒంటినిండ బంగారమే చారీ,” అంది చివరికి. “అంత కిరాయిది. తెల్లారంగనే అత్తోళ్ళు అందరు చూస్తుండంగ వాకిట్ల నిలవెట్టి ఒక్కొక్కటి ఇప్పుకపోయిన్రు. చెవులయి సుత ఇప్పిన్రు. ఆ పొద్దు అనుకున్న, నా ఇంటికొచ్చే పిల్లకు గట్ల కావద్దని.” ముత్తక్క చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని ఆ సొట్ట మీద బొటనవేలితో రాసింది. “దీన్ని ఎవ్వరు ఇప్పలేరు బిడ్డా. నేను చచ్చినా ఇప్పలేను.”

అవ్వకు ఆ మాటలన్నీ అర్థమయ్యాయో లేదో తెలియదు. సీసాలోని ఇప్పనూనె చేతిలో ఒంపుకుని, ముందు కడియానికి రాసి, మిగిలింది ఈరమ్మ తలకు అంటింది.

పెళ్ళి జరిగింది. పీటల మీద ఆ కడియం చూసి బజారులో ఇంకా కొందరు ఇనుప కడియాలు తెచ్చారు, చేసిచ్చాను. బాగానే ఉన్నాయి, కానీ ఆ కడియాలు చేతి నుంచి ఊడి వచ్చేవి.

ఆ పని నాకు చేతిలో కొత్త విద్య ఇచ్చింది, నిజమే. కానీ అంతకంటే ముఖ్యమైన అలవాటు ఒకటి అంటించింది. అంతకు ముందు ఎవరైనా పాత నగ తెచ్చి కరిగించమంటే మారు మాట లేకుండా మూసలో వేసేవాణ్ణి. బంగారం బంగారమే కదా, పాతదేమిటి కొత్తదేమిటి అనుకునేవాణ్ణి. ఇప్పుడు నిప్పు రాజేసే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఇది ఎవరిది, వాళ్ళు దీన్ని పెట్టుకుని ఏం పని చేస్తుండేవాళ్ళు అని. చెప్పడం మొదలుపెడతారు. చెబుతూ చెబుతూ ఆ నగను వేళ్ళతో తడుముతారు. సగం మంది చెప్పడం అయ్యాక దాన్ని మళ్ళీ చెంగులో ముడి వేసుకుని ఇంటికి వెళ్ళిపోతారు. నాకు బేరం పోతుంది. పోతే పోనీ.